తొమ్మిదో తేనెపెట్టె

"కర్ర నీదా, కాదా? ఆ ఒక్కటీ చెప్పు."

ఇన్‌స్పెక్టర్ ఈమన్ క్రోటీ ఆ ప్రశ్న వెయ్యడం అది ఐదోసారి. తోటమాలి ఫెలిమ్ హెరిటీ ఐదోసారీ అదే జవాబిచ్చాడు.

"నాదే. కాదని ఎప్పుడన్నాను?"

"దానికి మీ దొర నెత్తురు అంటుకునుంది."

"నేనంటించలేదు."

రాత్‌కోర బంగళా లైబ్రరీలో గోడగడియారం ఆగిపోయి ఉంది. శవం ఇల్లు దాటేదాకా గడియారం నడవకూడదని పనిమనిషి బ్రైడీ పొద్దున్నే దాన్ని ఆపేసింది. అంచేత సార్జెంట్ మాలకీ గీరన్ తన జేబుగడియారమే చూసుకున్నాడు. పదీ పది.

మాలకీ కిటికీ పక్కన నిలబడి ఉన్నాడు. గదిలో కుర్చీలు లేక కాదు. చచ్చిన మేజరు హ్యూబర్ట్ డెవెనిష్ కుర్చీలో క్రోటీ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఇంకే కుర్చీలో కూర్చున్నా వాడి ముందు చేతులు కట్టుకున్నట్టే ఉంటుంది. దానికంటే కాళ్లు పీకడమే నయమనుకున్నాడు.

చెప్పుకోవడానికి సిగ్గేగానీ, మాలకీకి క్రోటీని చూస్తే కడుపుమంట. ఆరేళ్ల కిందట డ్రమ్‌లీ హత్యకేసులో నాలుగు నెలలు ఊరూరా తిరిగి హంతకుణ్ణి పట్టింది మాలకీ. ఆఖరి వారంలో న్యుమోనియా వచ్చి ఆసుపత్రి మంచమెక్కాడు. అప్పట్లో తన కింద పనిచేసే క్రోటీ ఆ కాగితాలన్నీ పోగుచేసి, అడుగున సొంత సంతకం పెట్టి డబ్లిన్‌కి పంపేశాడు. మాలకీ మంచం దిగేసరికి వాడికి డబ్లిన్ నుంచి పిలుపొచ్చింది. సొమ్మొకడిది, సోకొకడిది. వాడిప్పుడు ఇన్‌స్పెక్టరు, మాలకీ అదే పాత సార్జెంటు.

"నిన్న సాయంత్రం దొరతో ఎందుకు దెబ్బలాడావు?" క్రోటీ అడిగాడు.

హెరిటీ బల్ల మీది కాగితాల కట్ట వైపు చెయ్యెత్తబోయాడు. సంకెళ్లు అడ్డొచ్చాయి. "ఆ పుస్తకం గురించి. మా తాతని పొలంలోంచి వెళ్లగొట్టి, గుడిసె కప్పు పీకించింది ఈ దొర తండ్రే. ఆ సంగతి పుస్తకంలో రాశారని అడెలా దొరసాని చెబితే సంతోషించాను. దొర అది కొట్టేయించాడట. ఎందుకు కొట్టేశారని అడిగాను, అంతే."

"అరిచావు."

"అరిచాను. ఆ కోపంలో వెళ్లిపోతూ వరండాలో కర్రలు పెట్టే స్టాండులో నాది మర్చిపోయాను. రాత్రంతా ఇంట్లో మా ముసల్దాని పక్కన పడుకున్నాను."

"పెళ్లాం సాక్ష్యం." క్రోటీ నవ్వి మాలకీ వైపు తిరిగాడు. "ఏమంటారు గురువుగారూ? మీ పల్లెటూళ్లో పెళ్లాం సాక్ష్యం చెల్లుతుందా?"

గురువుగారూ అన్న ఆ మాట మాలకీకి చెవిలో సీసం పోసినట్టుంది.

"వరండాలో ఉన్న కర్ర ఎవరైనా తీసుకోవచ్చు, సార్," అన్నాడు.

"తీసుకోవచ్చు. కానీ పగ ఎవరికుంది?" క్రోటీ వేళ్ల మీద లెక్క చెప్పాడు. "డాక్టరు లెక్క ప్రకారం చావు రెండుకీ నాలుక్కీ మధ్య. తల వెనక ఒక్కటే దెబ్బ. బ్రైడీ టీ తెచ్చి ఇదే గదిలో శవాన్ని చూసింది ఏడున్నరకి. పక్కన వీడి కర్ర. పదకొండున్నరకి డబ్లిన్ పత్రిక ఫొటోగ్రాఫరు వస్తున్నాడు. అప్పుడు తీసుకెళతాం. తర్వాత సంగతి ఉరికొయ్య చూసుకుంటుంది."

హెరిటీ మొహంలో నెత్తురు చుక్క లేదు. అరవై రెండేళ్ల మనిషి. అయినా అతను అడిగింది తన ప్రాణం గురించి కాదు.

"మాలకీ, ఒక్క మాట. తేనెటీగలకి ఎవరన్నా చెప్పారా?"

క్రోటీకి అర్థం కాలేదు. "ఏం చెప్పాలి?"

"దొర పోయాడని. యజమాని పోయిన పూటే పెట్టె పెట్టెకీ వెళ్లి చెప్పి నల్లగుడ్డ కట్టాలి. లేకపోతే ఇల్లొదిలి పోతాయి. దొరసాని దుఃఖంలో మర్చిపోయి ఉంటుంది. నన్ను ఐదు నిమిషాలు వదిలితే నేనే చెప్పొస్తాను. మళ్లీ సంకెళ్లేసుకోండి."

క్రోటీ పగలబడి నవ్వాడు. "మెడకి తాడొస్తుంటే ఈగల గోల వీడికి."

"నే చూసొస్తాలే, ఫెలిమ్," అని మాలకీ బయటికి నడిచాడు. వెళ్తూ బల్ల మీది కాగితాల మొదటి పేజీ చూశాడు. రాత్‌కోర డెవెనిష్‌ల వంశచరిత్ర. రచన: మేజర్ హ్యూబర్ట్ డెవెనిష్. పదకొండేళ్లుగా ఆ పుస్తకం కోసం ఊళ్లో ప్రతి ముసలాడి దగ్గరా కూర్చుని రాసుకున్నది మేజరు కాదు, ఆయన చెల్లెలు అడెలా. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. ఆమె పేరు ఆ పేజీలో ఎక్కడా లేదు.

నడవాలో కెప్టెన్ లయొనెల్ డెవెనిష్ ఎదురొచ్చాడు. మేజరుకి పిల్లల్లేరు. ఆ ఇంట్లో ఆస్తి మొదట్నుంచీ మగవాళ్లకే పోతుంది గనక, తమ్ముడి కొడుకైన ఇతనే వారసుడు. ముప్ఫై రెండేళ్లుంటాయి. నున్నటి గడ్డం, వెయిస్ట్‌కోటు, మెడలో రెజిమెంటు టై. ముదురెరుపు మీద పసుప్పచ్చ చారలు.

"రాత్రి ఎక్కడున్నారు కెప్టెన్?"

"మల్లింగర్‌లో, హోటల్లో. ఎనిమిదింబావుకి ఫోనొచ్చింది. తొమ్మిదీ ఇరవైకి ఇక్కడున్నాను."

"పదిహేను మైళ్లకి గంట పైన పట్టిందా, ఆ ఎర్ర కారులో?"

"గడ్డం గీసుకోవద్దా సార్జెంట్? మాసిన మొహాలేసుకుని చావింటికి వెళ్లే అలవాటు మా వాళ్లకి లేదు." టై చివర బయటికి జారితే వెయిస్ట్‌కోటులోకి దోపుకున్నాడు. "మీ పోలీసు బండి గేటు దగ్గర బురదలో దిగబడిందటగా. నాది రెండు సీట్ల బండేగానీ, అవసరమైతే వాడుకోమని మీ ఇన్‌స్పెక్టరుతో చెప్పాను."

"మేజరు గారు భూమంతా లాండ్ కమిషన్‌కి ఇచ్చేస్తున్నారని ఊళ్లో వినికిడి." పాత జమీలు కొని రైతులకి పంచిపెట్టే ఆ కమిషన్ పేరు చెబితేనే దొరల ఇళ్లల్లో మొహాలు మాడిపోయేవి. లయొనెల్ మొహం కూడా మాడింది.

"పెదనాన్నకి చివర్లో మతి చెదిరింది. తలా పాతికెకరాలు, హెరిటీతో సహా. మూడొందలేళ్ల నుంచి మావాళ్లు కాచుకున్న నేల తోటమాలికీ పాలేరుకీనా? నేనేమో వీధిలో నిలబడి చూడాలి."

"సంతకం ఎప్పుడు?"

"సోమవారం." ఆ మాట అన్నాక అనవసరంగా అన్నానే అనిపించినట్టుంది. టై మళ్లీ దోపుకున్నాడు. "హెరిటీకి ఆ సంగతి తెలియదనుకుంటా. తెలిస్తే చంపకుండా ఉండేవాడేమో. మా అత్తకి మాత్రం తెలుసు. ఆవిడకి ఈ ఇల్లంటే ప్రాణం, నేనంటే కంట్లో నలుసు. ఆవిణ్ణి అడిగారా ఏమన్నా?"

"అడుగుతాను," అన్నాడు మాలకీ.

ఆపిల్ తోట బంగళా వెనక, రాతిగోడ లోపల ఉంది. గోడ వారన వరసగా తొమ్మిది తేనెపెట్టెలు, తెల్లరంగు వేసినవి, పొట్టికాళ్ల మీద నిలబడి ఉన్నాయి. తొమ్మిదింటికీ నల్లగుడ్డలు కట్టి ఉన్నాయి. ఎవరో చెప్పేశారు. హెరిటీకి ఆ మాట చెబుదామని వెనక్కి తిరగబోతూ, ఎందుకో మొదటి పెట్టె మీది గుడ్డ పట్టుకున్నాడు మాలకీ.

ఎండ తగిలే వైపు ఆరిపోయింది. గోడ వైపు ముడి మాత్రం చల్లగా తగిలింది. వేళ్లతో నొక్కాడు. నీళ్లు కారి మణికట్టు మీదుగా చొక్కా చేతిలోకి పోయాయి.

రెండో పెట్టె ముడి నొక్కాడు. నీళ్లు. మూడోదీ అంతే.

వాన పడింది ఐదుకి. ఆరున్నరకి ఆగింది. పాలకోసం లేచిన బ్రైడీ ఆ సంగతి ఎవరూ అడక్కుండానే రెండుసార్లు చెప్పింది. ఆ తర్వాత చుక్క రాల్లేదు. శవాన్ని చూసింది ఏడున్నరకి. ఏడున్నర తర్వాత కట్టిన గుడ్డ ఇలా నానదు. అంటే వాన మొదలయ్యేలోపే, అందరూ పడుకుని ఉండగానే, మేజరు పోయాడని ఎవరికో తెలుసు. తెలిసినవాళ్లు డాక్టర్ని పిలవలేదు, పోలీసుల్ని పిలవలేదు, వచ్చి తేనెటీగలకి చెప్పారు.

హెరిటీ కాదు. తనే కట్టినవాడు, కట్టారా అని అడిగి ఐదు నిమిషాలు వదలమని బతిమాలడు.

ఎండ చురుక్కుమంటోంది, గాలి కూడా లేచింది. ఇంకో గంటయితే ముడులు కూడా ఆరిపోతాయి. అప్పుడు ఇవి వట్టి నల్లగుడ్డలు, ఏ ఎనిమిదింటికో కట్టామని ఎవరన్నా చెప్పుకోవచ్చు. వెంటనే క్రోటీని పిలవాలి.

మాలకీ పిలవలేదు. బోర్లించిన ఆపిల్ బుట్ట మీద కూర్చుని పైపు ముట్టించాడు.

బ్రైడీని సాక్ష్యానికి పిలిచి, గుడ్డ పిండించి, రాసి సంతకం తీసుకుంటే చాలు. ఆ కాగితం తన జేబులోనే ఉంచుకుంటే? పదకొండున్నరకి ఫొటోగ్రాఫరొస్తాడు. క్రోటీ హెరిటీ భుజం మీద చెయ్యేసి ఫొటో దిగుతాడు. రేపు పత్రికలో బొమ్మ పడుతుంది. ఎల్లుండి మాలకీ ఆ కాగితం తీసుకుని తిన్నగా డబ్లిన్ వెళ్లి కమిషనరు బల్ల మీద పెడతాడు. ఆరేళ్ల కసి ఒక్క కాగితంతో తీరిపోతుంది. అమాయకుణ్ణి ఉరికొయ్య దాకా లాక్కెళ్లిన వెధవ అని దేశమంతా చెప్పుకుంటారు. అనుకుంటుంటేనే నోరూరింది. హెరిటీకేముంది, రెండు రాత్రులు కటకటాల్లో, అంతేగా అని కూడా అనుకున్నాడు.

అలా అనుకున్నాక తన మీద తనకే రోత పుట్టింది. ఆ ముసలాడు సంకెళ్లలో ఉండి కూడా ఈగలకి చెప్పారా అని అడిగాడు. తనేమో అతన్ని ఎర వేసి క్రోటీని పట్టాలని చూస్తున్నాడు. పైపు బూటుకి కొట్టి దులిపి లేచాడు. గడియారం చూసుకున్నాడు. కూర్చున్నది పదీ ముప్ఫై ఐదుకి. ఇప్పుడు పదీ నలభై ఐదు.

క్రోటీ పెరటి వాకిట్లో కానిస్టేబుల్‌తో ఏదో చెబుతున్నాడు. మాలకీ తోటలోకి రమ్మంటే విసుక్కుంటూ వచ్చాడు.

"ఏంటి గురువుగారూ? ఈగలు వాంగ్మూలం ఇచ్చాయా?"

"ఆ ముడి పిండండి, సార్."

"నేనా?"

"మీరే. రేపు మీరే కదా రాసేది."

క్రోటీ ఒక్క క్షణం మాలకీ మొహంలోకి చూశాడు. తర్వాత వంగి ముడి నొక్కాడు. నీళ్లు బూట్ల మీద పడ్డాయి. మాలకీ నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఐదు, ఆరున్నర, ఏడున్నర. క్రోటీ పెదాలు కదిలాయి. మనిషి దుర్మార్గుడేగానీ మొద్దు కాదు, రెండోసారి చెప్పాల్సిన పని రాలేదు.

"హెరిటీయే చంపేసి వచ్చి కట్టుండొచ్చు," అన్నాడు.

"కట్టినవాడు కట్టారా అని అడుగుతాడా?"

"నాటకం."

"ఉరి ముంగిట్లో నిలబడి, ఈగల గురించా?"

క్రోటీ బూట్ల మీది తడి రుమాలుతో తుడుచుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, "నాకు మొదట్నుంచీ అనుమానమే," అన్నాడు. "ఇంట్లోవాళ్లెవరిదో చెయ్యి ఉందని నేననుకుంటూనే ఉన్నాను."

ఎంత నిబ్బరంగా అన్నాడంటే, ఇంకో నిమిషంలో మాలకీయే నమ్మేసేలా ఉన్నాడు. డ్రమ్‌లీ కేసు కూడా ఇలాగే కాజేసి ఉంటాడు, సిగ్గన్నది లేకుండా, ఎదుటివాడి మాట నోట్లోంచి ఊడి కింద పడకముందే.

"నాతో పనిచేసినన్నాళ్లూ మీకు అనుమానాలు నా తర్వాతే వచ్చేవి, సార్," అన్నాడు మాలకీ.

"అసూయ మంచిది కాదు మాలకీ. ఆరోగ్యం పాడవుతుంది. ఇదివరకోసారి పాడైందిగా."

మాలకీ పిడికిలి బిగిసింది. ఆ చెయ్యి ఏం చేసేదో గానీ, ఈలోపు గోడ తలుపు దగ్గర్నుంచి మాట వినపడింది.

"ఫెలిమ్ కట్టలేదు. నేను కట్టాను."

అడెలా డెవెనిష్ లోపలికొచ్చింది. అరవై దాటిన సన్నటి మనిషి, తలెత్తి నడిచే మనిషి. ఏడ్చిన జాడ లేదు. క్రోటీ టోపీ తీశాడు. మాలకీ నోటుబుక్కు తీశాడు.

"ఎప్పుడు కట్టారు, మిస్ డెవెనిష్?"

"ఐదుకి పావుగంట ముందు. అయిపోయి లోపలికెళ్తుంటే వాన మొదలైంది."

"అన్నగారు పోయారని అప్పటికే తెలుసా?"

"నాలుగున్నరకి లైబ్రరీలోకి వెళ్లాను. చెయ్యి పట్టుకు చూశాను. చల్లబడిపోయింది."

"ఆ వేళప్పుడు లైబ్రరీలో ఏం పని?" అన్నాడు క్రోటీ.

"నిన్న అచ్చు కాగితాలొచ్చాయి. మొదటి పేజీ చింపేద్దామని వెళ్లాను." ఆమె దగ్గరున్న పెట్టె మీది గుడ్డ సర్దింది. "నా పేరేదని రాత్రి భోజనాల దగ్గర అడిగాను. హ్యూబర్ట్ నవ్వాడు. ఆడదాని పేరుంటే జనం చరిత్ర అనుకోరు అడెలా, కబుర్లనుకుంటారు అన్నాడు. పదకొండేళ్లు రాశాను. ముప్ఫయ్యేళ్లు ఈ ఇల్లు నడిపాను. వాడికి వేటలూ విందులూ తప్ప ఏం తెలుసు? అయినా పేరు వాడిది, కుర్చీ వాడిది, వాడి తర్వాత లయొనెల్‌ది."

మాలకీ రాయడం ఆపాడు. ఆమె కళ్లల్లోకి చూడడం అతనివల్ల కాలేదు. ఆ మంట ఎలా ఉంటుందో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. చూపు తిప్పుకుని పెట్టె మీది గుడ్డ చూశాడు. నల్లగుడ్డ అడుగునుంచి ఊదారంగు పట్టు పీలిక ఒకటి కొంచెంగా తొంగిచూస్తోంది.

"ఇదేమిటి?"

"నా శాలువా ముక్క." ఆమె ఆగి, తలెత్తి చెప్పింది. "మా ఇంట్లో ఆచారం. పాత యజమాని పోయాడని చెప్పి, కొత్త యజమాని ఎవరో కూడా చెప్పాలి. కొత్త యజమాని ఒంటి మీది గుడ్డ ఒక పీలిక నల్లగుడ్డ కింద ఉంచాలి. పదిహేడొందల తొంభై ఎనిమిది తిరుగుబాటులో మా ముత్తాత పోయినప్పుడు ఎవరూ చెప్పలేదు. ఈగలు వెళ్లిపోయాయి, ఏడాది తిరక్కుండా వారసులిద్దరూ పోయారు. మూడో అధ్యాయంలో ఉంది. నేనే రాశాను."

"అంటే కొత్త యజమాని మీరని..."

"కాగితాల మీద లయొనెల్. నాకు తెలుసు. తెల్లారితే వాడొస్తాడు, ఈగలకి కూడా వాడి పేరే చెబుతారు. డాక్టర్ని పిలవాలనుకుంటూనే ముందు ఇక్కడికొచ్చాను. ఒక్కచోటైనా నా పేరు ముందు పడాలనిపించింది." చేతులు చూసుకుంది. "అన్న శవాన్ని వదిలేసి ఆ పని చేశాను. ఎవరన్నా అడిగితే ఏడున్నర తర్వాత కట్టానని చెబుదామనుకున్నాను. వాన సంగతి తట్టలేదు."

పెరట్లో ఎక్కడో కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది. క్రోటీ గడియారం చూసుకుని తలాడించాడు. మాలకీ పట్టించుకోలేదు.

"ఫెలిమ్‌కి సంకెళ్లేస్తుంటే ఎందుకూరుకున్నారు? వాన కంటే ముందే మీరు ఇక్కడున్నారని చెబితే కేసు తిరిగేది."

"చెబితే వాడికి ఇంకా చేటు."

"ఎందుకు?"

ఆమె వరసలో చివరి పెట్టె వైపు చూసింది.

"మిస్ డెవెనిష్, తొమ్మిదీ మీరే కట్టారా?"

"ఎనిమిది." నోట్లో మాట నోట్లోనే ఉన్నంత మెల్లగా అంది. "గుడ్డలు ఆ కొట్టు గదిలో రేకుపెట్టెలో ఉంటాయి. తీద్దామని వెళితే మూత తెరిచి ఉంది. ఇక్కడికొచ్చి చూస్తే ఆ చివరిదానికి అప్పటికే కట్టి ఉంది. నా అడుగుల చప్పుడు విని పారిపోయినట్టున్నాడు. ఈ పెట్టెల జోలికి నేను కాక వచ్చేవాడు ఫెలిమ్ ఒక్కడే. ఇరవయ్యేళ్లుగా నాతోపాటు వీటిని సాకాడు. వాడే కోపంలో చేసి, చేశాక భయపడి..." మిగతా మాట మింగేసింది. "దాని కింద ఏ గుడ్డ ఉందో విప్పి చూడడానికి నాకు ధైర్యం చాల్లేదు."

"ఫెలిమ్ పొద్దున్న నన్ను అడిగింది ఒకటే మాటమ్మా," అన్నాడు మాలకీ. "ఈగలకి ఎవరన్నా చెప్పారా అని. దొరసాని దుఃఖంలో మర్చిపోయి ఉంటుంది, నన్ను వదిలితే చెప్పొస్తానన్నాడు."

ఆమె గోడ పట్టుకుంది. తను కాపాడుతున్నాననుకున్న మనిషిని తనే ఉరి దాకా సాగనంపుతోందని ఆ క్షణంలో అర్థమైనట్టుంది.

మాలకీ తొమ్మిదో పెట్టె దగ్గరికెళ్లి కూర్చున్నాడు. మిగతా ఎనిమిదింటికీ ఆడవాళ్లు వేసే చిన్న ముడి. దీనిది బిగించి లాగిన ముడి, గోళ్లకి రాలేదు. చాకు తీసి గుడ్డ ఇంకో వైపు కోసి, ముడి అలాగే ఉంచి లాగాడు. లోపల్నుంచి ఈగల రొద గట్టిగా వినిపించింది. తడిసిన పట్టు పీలిక ఒకటి అతని అరచేతిలో పడింది. వెడల్పు రెండు వేళ్లు. ముదురెరుపు మీద పసుప్పచ్చ చారలు.

టైకి ముందు ఒక చివర, వెనకొక చివర. వెనకది కోసేసినా ముందునుంచి చూసేవాడికి తెలియదు, గాలికి ఎగిరితే తప్ప. అందుకే ఆ దోపుకోవడం. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటూ తన కళ్లెదుటే నిలబడితే, తను చావింటి మర్యాదనుకున్నాడు. రాత్రి మల్లింగర్ హోటల్లో పడుకున్న మనిషి టై, వాన మొదలయ్యేలోపు పదిహేను మైళ్ల దూరంలో ఈ పెట్టె మీదికెలా వచ్చిందో హోటలు వాళ్లని అడగాల్సిన పని కూడా లేదు.

అడెలా దగ్గరికొచ్చి ఆ పీలిక చూసింది.

"వాడికి ఆ కథ చెప్పింది నేనే," అంది. "చిన్నప్పుడు దుప్పటి ముసుగేసుకుని రోజూ చెప్పించుకునేవాడు. ఈగలకి చెప్పని వారసుడు ఏడాది బతకడంటే నా చెయ్యి గట్టిగా పట్టుకునేవాడు." ఆమె ఒంగి ఆ ఎరుపూ పసుపూ మళ్లీ చూసింది. అన్నని చంపినవాడెవడో తెలిసినా ఆ మొహం చెక్కు చెదరలేదు. ఇప్పుడు చెదిరింది. "అయితే నాకంటే ముందే చెప్పాడన్నమాట. ఈగలు కూడా ముందు విన్నది వాడి పేరే."

మాలకీ లేచాడు. "కెప్టెన్ ఎక్కడ?"

క్రోటీ గోడ తలుపు వైపు చూశాడు.

"సార్, లయొనెల్ ఎక్కడ?"

"మల్లింగర్‌కి బయల్దేరాడు." క్రోటీ చేతిలో టోపీ అంచు నలిపాడు. "గేటు దగ్గర హెరిటీ చుట్టాలు పోగవుతున్నారు, గొడవ కాకముందే ముసలాణ్ణి మల్లింగర్ స్టేషనుకి పంపేద్దామన్నాడు. ఫొటో అక్కడే తీయించొచ్చని నాకూ సబబే అనిపించింది. నువ్వు పిలిచే ముందు కానిస్టేబుల్‌కి అదే చెబుతున్నాను."

"హెరిటీని ఎవరి బండిలో పంపారు?"

"మన బండి దిగబడింది కదా మాలకీ."

"ఆ కారులో రెండే సీట్లు. కానిస్టేబుల్ ఎక్కడ కూర్చున్నాడు?"

"వెనక సైకిల్ మీద వస్తాడు. కెప్టెన్ సైన్యంలో చేసినవాడు, ముసలాడికి సంకెళ్లున్నాయి, ఏమవుతుందిలే అనుకున్నాను."

సంకెళ్లున్న ముసలాడు. దారిలో పారిపోబోయి చచ్చాడంటే ఇంక విచారణా లేదు, ఉరీ లేదు. నేరం వాడితోనే సమాధి అయిపోతుంది, ఇల్లూ నేలా లయొనెల్‌కి మిగులుతాయి.

మాలకీ గోడ మీదికెక్కాడు. అక్కడ్నుంచి మైలు పొడవున ఎత్తైన చెట్ల మధ్య దారీ, చివర గేటూ, గేటు అవతల నాలుగు రోడ్ల కూడలీ కనిపిస్తాయి. ఎర్ర కారు కూడలి చేరింది. దానికి చాలా వెనక, చీమంత సైకిలు. మల్లింగర్ కుడి వైపు. ఎడమ దారిలో సరస్సూ, పాత రాళ్ల క్వారీ తప్ప ఇంకేం లేవు. కారు కూడలిలో కాస్త నెమ్మదించి ఎడమకి తిరిగింది.

పదీ ముప్ఫై ఐదు నుంచి పదీ నలభై ఐదు. ఆ పది నిమిషాలూ బుట్ట మీద కూర్చుని, క్రోటీ పరువు పోయే రోజు తలుచుకుని గుటకలేస్తూ గడిపినవి. అప్పుడే పిలిచి ఉంటే ఆ కారు స్టార్టయ్యేదే కాదు.

గోడ దిగి పరుగెత్తాడు. పాలవాడి గుర్రబ్బండి వంటింటి గుమ్మం దగ్గరుంది. బ్రైడీ అరుస్తున్నా వినిపించుకోకుండా గుర్రం కట్లు కోశాడు. క్రోటీ రొప్పుతూ వెనకాలే వచ్చాడు.

"మాలకీ, ఇది డబ్లిన్‌కి తెలిస్తే నా పని అయిపోతుంది. ముసలాడికేమన్నా అయితే రిపోర్టులో ఏం రాయను?"

మాలకీ గుర్రమెక్కాడు. ఆ మాట ఆరేళ్లుగా అనాలని అతని కోరిక. ఇలా అనాల్సొస్తుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

"ఈసారి నా పేరు రాయి, ఈమన్," అని కళ్లెం లాగాడు. "పది నిమిషాల ఆలస్యం నాదే."